జేబులో ఉండిపోయిన ముడుల తాడు

ఆఫీసరు "ఎన్ని రోజులు?" అని అడిగినప్పుడు జవాబు నా ప్యాంటు జేబులో ఉంది. నేను దాన్ని బయటికి తీయలేదు. "అప్పుడప్పుడూ" అన్నాను, ఇంగ్లీషులో, ఒకే ఒక్క మాట.

ఆ తరువాత ఆ విచారణ గురించి చాలామందికి చెప్పాను. స్టాఫ్ రూముల్లో, పెళ్ళి భోజనాల దగ్గర, రైల్లో ఎదురు సీటువాళ్ళకి. కొండమీద గిరిజనులతో కలిసి ఒక ఫ్యాక్టరీతో కొట్లాడినవాణ్ణని చెప్పుకున్నాను. అందులో చాలాభాగం నిజమే. జేబు సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నా భార్యకి కూడా.

మాది విజయనగరం వైపు పల్లం ఊరు. అనంతగిరి మండలంలో, అరకు రోడ్డు వదిలి లోపలికి చాలా దూరం నడవాల్సిన చోట, ఒక ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. బడి కిందనే గెడ్డ. కొండల్లోంచి దిగే వాగుని మా వైపు గెడ్డ అంటాం. ఊరివాళ్ళు తాగేది, వండుకునేది, మెట్ల పొలాల్లో వరికి పెట్టేది ఆ నీళ్ళే. హాస్టలు పిల్లల స్నానాలూ అక్కడే.

గెడ్డకి ఎగువన ఒక ప్రైవేటు పల్పింగ్ యూనిట్ పెట్టారు. కాఫీ పళ్ళ తొక్క ఒలిచి, గింజలు నానబెట్టి కడిగే ఫ్యాక్టరీ. కడిగిన నీళ్ళని గోతుల్లో నిలవచేసి శుద్ధి చెయ్యాలని రూలు. వాళ్ళు తవ్విన గోతులు సీజను మొదట్లోనే నిండిపోయేవి. నిండిన గోతుల్ని తెల్లారేలోగా గెడ్డలోకి వదిలేసేవాళ్ళు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని దిగేసరికి నీళ్ళు టీ డికాషన్ రంగులో, నురగ కక్కుతూ, పులిసిన వాసనేసేవి. పిల్లలకి ఒళ్ళంతా దురదలు. రాళ్ళ సందుల్లో చేపపిల్లలు వెల్లకిలా తేలేవి.

అన్నిటికంటే నొప్పి కలిగించే సంగతి ఇంకొకటుంది. ఆ పళ్ళు ఊరివాళ్ళవే. మిరియాల తీగల మధ్య, సిల్వర్ ఓక్ నీడల్లో, వాళ్ళు కోసి మోసుకెళ్ళి యూనిట్‌కి అమ్మిన పళ్ళే. మధ్యాహ్నం అమ్మిన పళ్ళు రెండు రోజుల తరువాత కుళ్ళునీళ్ళయి వాళ్ళ బిందెల్లోకే వచ్చేవి. నిలదీస్తే యూనిట్ మేనేజరు నవ్వేవాడు. "సరే, రేపట్నించి మీ పళ్ళు కొనడం మానేస్తాం. గెడ్డ తాగి బతకండి" అనేవాడు.

ఊరివాళ్ళని కూడగట్టడంలో నా చెయ్యి ఉంది. నేను అర్జీలు రాశాను. మిగతాదంతా ఒకావిడ చేసింది. అప్పటికి యాభై దాటి ఉంటాయి. నాకంటే పెద్దది కాబట్టి నేను అమ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను మేస్టారూ అంటూనే, నువ్వు అని పిలిచేది. గెడ్డ పొడుగునా ఉన్న నాలుగు ఊళ్ళని ఆవిడే మీటింగులకి పిలిచేది. కాగితం, మైకు, డప్పు ఏమీ ఉండేవి కావు. విస్తళ్ళు కుట్టే అడ్డాకు తీగ నారతో పేనిన తాడుకి ముడులేసి, ఊరికొకటి పంపేది. తాడు అందుకున్న ఊరు రోజుకొక ముడి విప్పుతుంది. ముడులు అయిపోయిన రోజు బయల్దేరి వస్తుంది. నేను అక్కడున్నన్నాళ్ళూ ఆ పిలుపు తప్పడం చూడలేదు. మా బడిలో పేరెంట్స్ మీటింగుకి మూడుసార్లు సర్క్యులర్ పంపినా సగంమంది వచ్చేవాళ్ళు కారు.

ఒక మీటింగులో నేను లేచి, "నోటిమాటలు చెల్లవు, రుజువు కావాలి. నీళ్ళు పాడైన ప్రతిరోజూ రాసిపెట్టండి" అని ఉపన్యాసం ఇచ్చాను. చదువొచ్చిన కుర్రాళ్ళకి నోటు పుస్తకాలు పంచాను. సీజను ముగిశాక తెప్పించి చూస్తే ఒకటి వానకి తడిసి ముద్దయింది. ఇంకోదాంట్లో నాలుగు పేజీల తరువాత అన్నీ క్రికెట్ స్కోర్లే. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆవిడ కొంగులోంచి చుట్టచుట్టిన తాడొకటి తీసి నా ముందు పడేసింది.

"ఇదేటమ్మా?"

"నువ్వే కదేటి రాయమన్నావు? నాకు రాత రాదు. ముడేసినాను. నీల్లు పాడైన దినం ఒక ముడి. సేపలు సచ్చిన దినం ముడి మీద ముడి."

"బాగానే ఉంది గానీ, ఏ ముడి ఏ రోజుదో ఎలా తెలుస్తుంది?"

"గుడ్డపేలికలు కనపడట్లేదేటి? సంత దినానికొకటి కట్టినాను. సంతకీ సంతకీ నడుమ ఆరు దినాలు, ఆరు వేళ్ళ ఎడం. ఏ దినానికి ఆ యేలు కాడే ముడి పడతాది." పక్కనున్న ఆడవాళ్ళకేసి తిరిగి, "మేస్టారికి సదువు నేర్పాల, నాను" అంది. అందరూ నవ్వారు.

ఆ రాతని నేను నా డైరీతో సరిచూశాను. గెడ్డ వాసన బడిదాకా కొట్టిన రోజులు నా డైరీలో కొన్ని రాసి ఉన్నాయి. అవన్నీ తాడులో ఉన్నాయి. నేను రాయనివీ ఉన్నాయి. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఆ తాడు నిజమని నాకు అనుమానం లేకుండా తెలుసని చెప్పడానికే.

అర్జీల మీద అర్జీలు పెట్టాక విచారణకి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. అదే వారం ఒక మధ్యాహ్నం మేనేజరు బడికొచ్చాడు. నా క్లాసు అయిపోయేదాకా వరండాలో ఓపిగ్గా నిలబడ్డాడు.

"పైన ఎన్నేళ్ళయిందండీ మాస్టారూ?"

చెప్పాను.

"అబ్బో. అమ్మాయి కింద చుట్టాలింట్లో ఉండి చదువుకుంటోందట కదా. ఆడపిల్ల, పదో తరగతి. మీరు దగ్గరుండాల్సిన టైము."

నేను చేతికంటిన సుద్ద దులుపుకున్నాను.

"ట్రాన్స్‌ఫర్లు చూసే పెద్దాయన మా ఎండీ గారికి బాగా కావలసినవాడు. నేనేమీ అడగట్లేదు సుమండీ. ఆరోజు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కువచేసి చెప్పొద్దు, అంతే."

అతను వెళ్ళిపోయాక నాలో నేను ఆ మాటనే తిప్పి తిప్పి అనుకున్నాను. ఎక్కువచేసి చెప్పొద్దన్నాడు, అబద్ధం చెప్పమనలేదు కదా అని. మనిషి తనని తాను అమ్ముకునేటప్పుడు ముందుగా వెతుక్కునేది ఇలాంటి మర్యాదైన మాటనే.

విచారణ రోజుకి రెండు రోజుల ముందే యూనిట్ ఆపేశారు. గెడ్డ అద్దంలా పారుతోంది. ఒడ్డున షామియానా, కుర్చీలు. నాలుగు ఊళ్ళ జనం తాళ్ళ ముడులు విప్పుకుంటూ లెక్క తప్పకుండా వచ్చి రాళ్ళమీద కూర్చున్నారు. ఆఫీసరుకి తెలుగు రాదు. ఊరివాళ్ళ వైపు ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తర్జుమా నాదే. ఆయన గెడ్డలోకి సీసా ముంచి, ఎత్తి వెలుతురులో చూసి, "క్లియర్‌గా ఉందే" అన్నాడు.

అప్పుడు ఆవిడ లేచింది. చాలాసేపు మాట్లాడింది. గోతులు ఎప్పుడు నిండుతాయో, ఏ వేళకి వదులుతారో, ఏ ఇంట్లో పిల్లకి ఒళ్ళు పుండ్లయిందో. చివర్న తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది ఆయనకియ్యి మేస్టారూ. ఎలా సదవాలో నువ్వు సెప్పు."

తాడు చేతిలో బరువుగా అనిపించింది. నారకి పొగ వాసన. గుడ్డపేలికలు మాసిపోయి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కాలో కూర్చున్న ఆఫీసరుకి దాన్ని చూపించాలంటే సిగ్గేసింది. అవును, సిగ్గు కూడా ఉంది. ట్రాన్స్‌ఫర్ ఆశ ఒక్కటే అయితే బహుశా తట్టుకునేవాణ్ణేమో. తరువాత ఇద్దాంలే అన్నట్టు జేబులో పెట్టుకున్నాను. ఆవిడ చెప్పినదాన్ని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చేశాను. ఆఫీసరు పెన్ను తీసి, ఇలా ఎన్ని రోజులు జరిగిందని అడిగాడు. మేనేజరు వెనక నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. నా వైపు తలెత్తి చూడను కూడా లేదు.

"అప్పుడప్పుడూ" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. కుర్చీలు మడిచేస్తుంటే ఆవిడ నా దగ్గరికొచ్చింది.

"నాను అంతసేపు సెప్తే నువ్వు ఇంతేనేటి సెప్పినావు?"

"ఇంగ్లీషులో తక్కువ మాటలు సరిపోతాయమ్మా."

ఆవిడ నమ్మింది. తాడు అడగలేదు. ఇచ్చేశాననే అనుకుంది.

రిపోర్టులో ఏముందో చెప్పక్కర్లేదు. వ్యర్థాలు అప్పుడప్పుడూ మాత్రమే వస్తున్నట్టు స్థానికులే తమ ఉపాధ్యాయుడి ద్వారా ఒప్పుకున్నారని, గోతులు కాస్త పెద్దవి చేస్తే చాలని రాశారు. గోతులు పెద్దవి చేశారు. పెద్ద గోతులు కాబట్టి ఒక్కసారి వదిలితే ఇంకా ఎక్కువ నీళ్ళొచ్చేవి.

ఆ వేసవిలో నాకు ట్రాన్స్‌ఫరొచ్చింది. సామాను సర్దేటప్పుడు నా భార్య ప్యాంటు జేబులోంచి తాడు తీసి, "ఇదేంటండీ?" అంది. "కట్టెల మోపుది" అన్నాను. గట్టిగా ఉందని దాంతో పరుపు చుట్టి కట్టింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వ్యాను ఊగుతుంటే పైన పరుపు మాత్రం కదల్లేదు.

కింద కొత్త బడిలో చేరడానికి ఆఫీసుకి వెళ్తే గుమస్తా నా కాగితాలు తిరగేసి నవ్వాడు. "మీకెవరి రికమెండేషనండీ మాస్టారూ? సీనియారిటీ లిస్టులో మీ పేరు పైనే ఉంది. ఈసారి ఎలాగూ వచ్చేది." మేనేజరు ఎవరికీ ఏ మాటా చెప్పలేదన్నమాట. నేను ఉత్తపుణ్యానికి అమ్ముడుపోయాను.

ఏళ్ళు గడిచాయి. మొన్న సీజనులో నా పాత శిష్యురాలు ఒకమ్మాయి వాట్సాప్‌లో ఫోటో పంపింది. గెడ్డ నల్లగా ఉంది. కింద మెసేజి: "సార్, యూనిట్ ఇంకా పెద్దది చేస్తామంటున్నారు. మళ్ళీ విచారణ. అప్పుడప్పుడే వస్తాయని మీ మేస్టారే చెప్పాడని పాత రిపోర్టు చూపిస్తున్నారు. మీరలా అనుండరు కదా సార్?"

రెండు రోజులు ఆ మెసేజి తెరిచి చూస్తూ, మూసేస్తూ గడిపాను. మూడోరోజు అటక మీది పాత పరుపు దింపి, తాడు విప్పి, బస్సెక్కాను.

ఆవిడ బాగా ముసలిదైపోయింది. వాకిట్లో చేటలో సామలు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. "గుంట బాగుందేటి?" అని మా అమ్మాయిని అడిగింది. పెళ్ళయిందని చెప్పాను. తాడు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. జరిగింది చెప్పాను. వేళ్ళతో ముడులు తడుముకుంటూ చివరిదాకా వెళ్ళింది.

"సాగిపోనాది. దేనికి కట్టినావేటి?"

"పరుపుకి."

"మెత్తగా నిద్రపట్టిందేటి మరి?"

నేను తలొంచుకుని, తప్పయిపోయింది, క్షమించమన్నాను. చేట పక్కన పెట్టింది. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"నాకెందుకు సెప్తావు? నాకొక్కదానికేనేటి అబద్దమాడినావు? నాలుగూర్ల ముందర ఆడినావు. నాలుగూర్ల ముందరే సెప్పు." చూరులోంచి నార తీసి, ఒక తాడు పేని, ముడులేసి, పాతదాంతో పాటు నా చేతిలో పెట్టింది. "అయిపోయిన్నాడు గెడ్డకాడికి రా."

ఇంటికొచ్చి రోజుకొక ముడి విప్పాను. రెండు మూడు ముడుల దగ్గర, వెళ్ళకపోతే ఎవరేం చేస్తారు అనిపించింది. నా భార్య పక్కన కూర్చుని, "ఇప్పుడైనా చెప్పండి, ఆ పాత తాడు దేనిది?" అంది. ఊళ్ళకంటే ముందు తనకి చెప్పాను.

చివరి ముడి విప్పిన రోజు గెడ్డ ఒడ్డున అవే రాళ్ళమీద నాలుగు ఊళ్ళ జనం కూర్చున్నారు. కుర్రాళ్ళిప్పుడు రోజూ తేదీతో ఫోటోలు తీసి దాస్తున్నారు. ఆ రోజు నీళ్ళు మాత్రం పాడుగానే ఉన్నాయి, వాసన ముక్కు బద్దలు కొడుతోంది. విచారణకి ఇంకా కొన్నాళ్ళుంది. అప్పుడు వచ్చే కొత్త ఆఫీసరుకి ఇవ్వమని, జరిగిందంతా రాసి సంతకం చేసిన కాగితాన్ని నా శిష్యురాలి చేతికిచ్చాను. ఆ అమ్మాయి చదివింది. నా మొహంకేసి చూడలేదు.

నేను లేచి నిలబడితే ముసలావిడ వెనకనుంచి అరిచింది. "ఇంగ్లీషులో సెప్తావేటి మేస్టారూ? తక్కువ మాటలు సరిపోతాయి కదా!"

అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. పాత తాడు రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, ఒక్కొక్క ముడి మీదా వేలు పెట్టి బయటికి లెక్కపెట్టాను. ముడి మీద ముడి ఉన్నచోట చేపలు చచ్చిన రోజని చెప్పాను. చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు. ఆఖరి పేలిక దాటాక చెప్పాను:

"ఆఫీసరు అడిగిన లెక్క ఇది. ఆరోజు ఇది నా జేబులో ఉంది. మీరు ఇవ్వమన్నారు, నేను ఇవ్వలేదు. అప్పుడప్పుడూ అన్నాను. తెలిసే అన్నాను. కిందకి దిగిపోవాలన్న ఆశతో అన్నాను, మీ తాడుని చూసి సిగ్గుపడి అన్నాను. దానివల్ల ఇన్నేళ్ళూ మీరు ఈ నీళ్ళు తాగారు. నన్ను క్షమించండి."