పైగదికి మా ఊరాయన

వంట, పడక, బట్టలు ఆరేసుకోవడం అన్నీ ఒకే గదిలో అయితే చేవెళ్ల దగ్గర మా ఆలూరులో దాన్ని లేమి అంటారు. మాదాపూర్‌లో స్టూడియో అపార్ట్‌మెంట్ అన్నారు. మూడో అంతస్తు డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఒక్క గది. ఐటీ కంపెనీలో కొత్తగా చేరిన నాకు అది కావాలి. దొరక్కపోతే రెండు పూటలా చేవెళ్ల బస్సులో నిలబడి తిరగాలి. అట్లా ఎన్నాళ్లు ఉద్యోగం చేయగలను? ఒంటరి ఆడపిల్లకు ఇవ్వబోమని అప్పటికే ఇద్దరు మొహం మీదే తలుపు వేశారు.

ఇంటావిడ గుంటూరు వైపు మనిషి. గది చూపించాక అడిగింది.

"మీ నాన్నగారేం చేస్తారమ్మా? మేం ఉద్యోగస్తుల పిల్లలకే ఇస్తాం."

"చేవెళ్లలో గవర్నమెంటు ఉద్యోగమండీ" అన్నాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బ్రహ్మాండంగా అతికింది. తాళంచెవి చేతికొచ్చింది. నిజానికి మా బాపు రెండెకరాల్లో కూరగాయలు పండించి మెహిదీపట్నం రైతుబజారులో అమ్ముతాడు. ఆదివారం ఇంటికి పోయి చెప్తే పడిపడి నవ్వాడు.

"మంచిగ జేసినవు బిడ్డా! ఎవ్వలియ్యని సర్కారు నౌకరి నువ్విచ్చినవు నాకు."

ఆ నెలలోనే ఒకరోజు బజారు ముగించుకుని, మిగిలిన కూరగాయల సంచితో నన్ను చూడ్డానికి వచ్చాడు. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆయన గేటు తీయగానే ఇంటావిడ ఎదురైంది.

"ఏమయ్యా, బెండకాయలున్నాయా?"

బాపు తలెత్తి నన్ను చూశాడు. నేను తడి చున్నీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆయన సంచి దించి గచ్చు మీద కూర్చున్నాడు.

"లేతగున్నయమ్మా, ఇరిచి జూడుండ్రి."

ఆవిడ పైకి చూసి, ఈయన నీకు తెలుసా అని అడిగింది.

"మా ఊరాయనండీ" అన్నాను.

ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! సిగ్గేసింది. అయినా కిందికి దిగలేదు. గది పోతుందన్న భయం సిగ్గు కంటే పెద్దదిగా ఉంది.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేవాడు. ఆవిడకు కావలసిన కూరలిచ్చి, "పైన మా ఊరి పిల్లకియ్యుండ్రమ్మా" అని ఇంకో సంచి పెట్టి, మొయినాబాద్ మీదుగా ఊరికి పోయే బస్సెక్కేవాడు. మెట్లు మాత్రం ఎక్కేవాడు కాదు. నా సంచిలో పుచ్చు వంకాయ ఒక్కటి కూడా ఉండేది కాదు.

"మీ ఊరాయన మంచోడమ్మాయ్! వచ్చినప్పుడల్లా నువ్వు తిన్నావో లేదో అడుగుతాడు" అని ఇంటావిడ మురిసిపోయేది. నేను తలూపి ఆఫీసు క్యాబ్ ఎక్కేదాన్ని.

రెండేళ్లకు కంపెనీ మారి, స్నేహితురాలితో కలిసి వేరే ఇల్లు తీసుకున్నాను. సామాను మోయడానికి బాపు కూరగాయల ఆటో తెచ్చాడు. ఆ గదిలో అప్పుడే మొదటిసారి అడుగుపెట్టాడు. స్టవ్వు గట్టు, కిటికీ, నా మంచం ఒక్కొక్కటీ నెమ్మదిగా చూశాడు.

"గాలి మంచిగొస్తున్నది" అన్నాడు.

గది అప్పజెప్పించుకోవడానికి ఇంటావిడ పైకి వచ్చింది. ఇక పోయేదేముంది అనుకున్నాను.

"ఆంటీ, ఈయన మా నాన్న."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని నవ్వాడు.

"గట్లనే అంటదమ్మా. చిన్నప్పటి సంది నా చేతుల మీదనే పెరిగింది గద! వాళ్ల నాయినకు ఆఫీసుల పనున్నదంట, రాలే."

"అదా సంగతి" అంది ఆవిడ.

నేను మళ్లీ నోరు తెరవబోయాను. ఆయన అప్పటికే పరుపు ఒక కొస ఎత్తాడు.

"పట్టు బిడ్డా" అన్నాడు.

రెండో కొస పట్టుకున్నాను.