కట్టుగుడ్డ వలలు, బక్క కొర్రమీన్లు

మా నాన్నకు కన్మాయి చేపల కావలి అంటే ప్రాణం. పడమటి కొండల నుంచి దిగే వాన నీళ్ళను కట్ట వేసి నిలిపిన పెద్ద చెరువునే మా రాజపాళయంలో కన్మాయి అంటాం. ఏడాదంతా అందులో ఎవరూ కొర్రమీను పట్టకూడదు. ఎండాకాలంలో నీళ్ళు మోకాళ్ళ దాకా దిగాక ఒకే ఒక్క రోజు ఊరంతా కలిసి దిగుతుంది. ఆ రోజు చేపలు బాగుంటే కావలి మళ్ళీ నాన్నదే. లేకపోతే ఇంకొకరికి.

ఆ ఏడు చేపలు పడ్డాయి గానీ, ఏం చేపలు! తలకాయ నా పిడికిలంత, వెనక ఒళ్ళు మునక్కాయంత. ఊరి పెద్ద ఒకదాన్ని తోక పట్టి ఎత్తి, "ఏమప్పా, కావలి కాసినావా, పస్తు పెట్టినావా?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. "ఇంకొక ఏడు చూస్తాము. అప్పుడూ ఇట్లే ఉంటే వేరే ఆళును చూసుకుంటాము."

నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

మా అత్త, అంటే నాన్నకు అక్క, మా ఇంట్లోనే ఉండేది. బడి గడప తొక్కని మనిషి. అంత తెలివి నేను ఇంకెవరిలోనూ చూడలేదు, ఎవరేమనుకున్నా సరే. మగవాళ్ళంతా బలిసినవాటిని దొంగలు పట్టారనీ, కొంగలు తిన్నాయనీ వాదించుకుంటుంటే, ఆమె కత్తిపీట ముందేసుకుని మా వంతుకు వచ్చిన కొర్రమీన్ల పొట్టలన్నీ చీల్చి చూసింది. చాలావాటిలో ఏమీ లేదు. ఒకదాంట్లో తూనీగ రెక్కలు. ఇంకొకదాంట్లో చిన్న కొర్రమీను పిల్ల.

"తమ్ముడా, ఇట్లా రా. ఆకలికి సొంత జాతి పిల్లనే మింగిండాది, పావం. అయిరైలు ఎక్కడ పోయినాయి?"

అయిరై అంటే వేలెడంత సన్నచేప. కొర్రమీనుకు అదే అన్నం. మాకేమో పులుసులో అది పడితే ఇంకేమీ అక్కర్లేదు.

"నీళ్ళల్లో లేవక్కా," అన్నాడు నాన్న.

"లేవు సరి. ఎవరు తినేసినారు?" అంటూ అత్త నా వైపు చూసింది.

గాయాలకు చుట్టే ఆసుపత్రి కట్టుగుడ్డ నేసే మగ్గాలు మా వైపు చాలా ఉన్నాయి. అక్కడ పారేసే పలుచటి ముక్కలు తెచ్చి, రెండు కలిపి కుట్టి, నీళ్ళలో ఈడ్చే ఉపాయం నాదే. పాత వలలో సగం చేపలు జారిపోయేవి. కట్టుగుడ్డలో రెప్పవెంట్రుకంత పిల్ల కూడా తప్పించుకోలేదు. సన్నచేపకు కావలి లేదు కదా! రెండేళ్ళుగా వీధి ఆడవాళ్ళమంతా పొద్దునా సాయంత్రం ఈడ్చాం.

"నేనొక్కదాన్నేనా అత్తా? వీధంతా పట్టినారు!"

"నేర్పించింది నువ్వుదానే, వాయాడీ! నువ్వే వచ్చి మాన్పించు." వాయాడి అంటే వాగుడుకాయ. ఆ బిరుదు నాకు అప్పటికే పాతది.

చీల్చిన చేపను పళ్ళెంలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని అత్త ఇల్లిల్లూ తిరిగింది. ఎవరినీ తిట్టలేదు. పళ్ళెం ముందుపెట్టి, "ఈ కడుపు చూడమ్మా," అనేది, అంతే. మూల ఇంటి ఆవిడ మాత్రం, "అయిరై పులుసు లేకుంటే మా ఇంట్లో ఆయన అన్నం తినడక్కా," అంది.

"ఒక ఏడు తినకుంటే చిక్కిపోడులే, తొట్టి మాదిరి ఉండాడు!"

ఆవిడ నవ్వుతూనే లోపలికి పోయి తన కట్టుగుడ్డ తెచ్చి ఇచ్చింది. సాయంత్రానికి మా వాకిట్లో కుప్ప పడింది. అన్నిటికంటే అడుగున నాది.

వానలు వచ్చాక అత్త రోజూ కట్టమీద నిలబడి నీళ్ళలోకి చూసేది. ఒకనాడు ఒడ్డు పక్కన నీళ్ళు సన్నగా పొంగుతున్నట్టు కనిపిస్తే, "చూడే, అయిరై కదులుతుండాది!" అని చిన్నపిల్లలా నా చెయ్యి గిల్లింది.

మరుసటి ఎండాకాలం మొదటి కొర్రమీను పైకి వచ్చింది. నాన్న దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నా నిలవక కొట్టుకుంది. నున్నటి నల్లటి వీపు, తలకు తగ్గ ఒళ్ళు. ఊరి పెద్ద వేళ్ళతో దాని నడుము కొలిచి, "కావలి నీదేనప్పా," అన్నాడు. తరవాత కట్టమీదున్న అత్త వైపు తిరిగాడు.

"అమ్మా, ఎన్ని పట్టాల, ఎన్ని విడవాల? నువ్వుదాన్ చెప్పాల."

"నీళ్ళల్లో మేత ఎంత ఉండాదో చూడకుండా ఎట్లా చెప్పేది? తమ్ముడా, చెయ్యి ఇయ్యి," అంటూ అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బురదలోకి దిగింది.