ఇప్పచెట్టు కింద నేనే ఊడ్చాను

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను బడిలో సైన్సు చెప్పే పంతులమ్మను. కొరివిదయ్యం అంటే ఏమిటో పిల్లలకు పాఠంగా చెప్పి, భయం పోగొట్టి ఇంటికి పంపేదాన్ని. నాకున్న భయమల్లా ఒక్కటే, తెల్లవారుజామున మూడూ నలభై.

ఆ టైముకు మా పాప లేచేది. అప్పటికి దానికి తొమ్మిదో నెల. పేరు ఉష. ముచ్చటపడి పెట్టుకున్నాం గానీ, అది ఆ పేరును డ్యూటీ ఆర్డరులా తీసుకుంటుందని ఎవరనుకున్నారు?

మాది మధిర. నాకు దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఒక ఊళ్లో పోస్టింగు వస్తే, బడికి దగ్గరని అక్కడే ఇల్లు కిరాయికి తీసుకున్నాం. రెండు గదులు, వెనక వరండా, చుట్టూ తడిక కట్టిన పెరడు, పెరటి మూలన ఒక ఇప్పచెట్టు. మా ఆయన భద్రాచలంలో మందుల షాపులో పని చేస్తాడు. నిద్రమాత్రలు అమ్మే మనిషే గానీ, వాటి అవసరం తనకు ఏనాడూ రాలేదు.

మూడూ నలభైకి మొదలైతే ఆరింటిదాకా ఏడుపే. పాలు వద్దు, ఉయ్యాల వద్దు, భుజం వద్దు. సాయంత్రం స్నానం చేయించమన్నారు, చేయించాను. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమన్నారు. ఆలస్యంగా పడుకుని అదే టైముకు లేచింది. కిటికీకి దుప్పటి కట్టమన్నారు. చీకట్లో కూర్చుని ఏడ్చింది. అమ్మకు ఫోన్ చేస్తే, "నువ్వూ అంతేగా, అనుభవించు" అని నవ్వింది. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే.

నిజానికి అప్పట్లో నాకు అన్నిటి మీదా కోపమే. ఆయన గురక మీద, ఊరందరి సలహాల మీద, తెల్లారకముందే కూసే పిట్టల మీద. మొదటి పీరియడ్‌లో బోర్డు దగ్గర నిలబడే కునికిపాట్లు పడేదాన్ని. తిరిగి తిరిగి ఆ కోపమంతా చివరికి పాప దగ్గరికే చేరేది. ఒక పొద్దున దాన్ని పరుపు మీదికి విసిరినంత పని చేశాను. దానికేం కాలేదు. నా చేతులంటే నాకే భయం మొదలైంది.

అది ఇప్పపువ్వు రాలే కాలం. మర్నాడు పాపను వరండాలో చాప మీద కూర్చోబెట్టి, కోపం చీపురు మీద తీర్చుకున్నాను. చెట్టు కింద ఎండుటాకులు, కుళ్లిన పువ్వు, అన్నీ ఊడ్చి అవతల పోశాను.

పొద్దెక్కాక పక్కింటి ముత్తమ్మ తడిక మీదుగా చూసింది. ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి సంతకు తీసుకుపోయే మనిషి. అరవై దాటాయి. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"పంతులమ్మా, ఎవర్నడిగి ఊడ్సినవ్ చెట్టు కింద?"

"ఊడిస్తే ఏమైంది ముత్తమ్మా? చెత్తే కదా."

అప్పుడు చెప్పింది. అక్కడ ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లుంటుంది. నేల ఎవరిదైనా పువ్వు ఆ ఇంటివాళ్లదే. చెట్టు కింద ఊడ్చారంటే, తెల్లారి పువ్వేరడానికి వస్తున్నామని చెప్పినట్టు. మా పెరట్లోది ఆమె చెల్లెలి చెట్టు. చెల్లెలు జ్వరంతో చనిపోయి రెండేళ్లు. అప్పటినుంచి దాని కింద ఎవరూ ఊడ్వలేదు, ఏరలేదు.

"ఊడ్సినంక ఊకుంటదా? చెట్టుగల్ల మనిషి వస్తది," అంది.

ముందు రోజు రాత్రి నేను పడుకున్నది మూడు గంటలే. "రమ్మను ముత్తమ్మా! పువ్వేరుకుని, పన్లో పని మా పిల్లను కూడా ఎత్తుకొమ్మను. నేను కాసేపు పడుకుంటా," అన్నాను.

"గట్ల అనకు బిడ్డా," అంది. నవ్వలేదు. మధ్యాహ్నం బస్సుకు బూర్గంపాడులో కూతురింటికి పోయింది.

పంతులమ్మ అన్నాక పంతం ఉండాలిగా. సాయంత్రం మళ్లీ ఊడ్చాను, పొద్దుటికంటే శుభ్రంగా.

మర్నాడు మూడూ నలభై. ముప్పావుగంట ఎత్తుకుని తిరిగాను. పాప నా జుట్టు పట్టుకుని గుంజింది. నా చెయ్యి లేచింది. గాల్లో ఎలా ఆగిందో తెలియదు. పాపను వరండాలో చాప మీద పడుకోబెట్టి, ఇల్లు దాటి వీధి గుమ్మంలో కూలబడ్డాను. చెవులు మూసుకున్నా ఏడుపు వినిపిస్తూనే ఉంది.

ఉన్నట్టుండి ఆగింది. ఎవరో ఎత్తుకుంటే ఆగినట్టు, ఒక్కసారిగా. ఈయన లేచాడనుకున్నాను. ఒక్కరోజు ఎత్తుకుని ఏడాదంతా చెప్పుకుంటాడని ఒళ్లు మండింది. అయినా దొరికిన సుఖం వదులుకోబుద్ధి కాక ఇంకో పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను.

లోపలికి వస్తే, ఆయన గోడవైపు తిరిగి గురక పెడుతున్నాడు.

పాప చాప మీదే నిద్రపోతోంది. దండెం మీద ఆరేసిన నా నూలుచీర దాని ఒంటికి బిగువుగా చుట్టి, కొస లోపలికి దోపి ఉంది. నాకు అలా చుట్టడం రాదు. మా ఆయనకు తువ్వాలు మడవడమే రాదు. పాప జుట్టంతా ఇప్పపువ్వు వాసన.

వెలుతురు వచ్చాక పెరట్లోకి దిగాను. తడిక అవతల చెట్ల కింద నేల కనిపించనంత పువ్వు. మా చెట్టు కింద ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏ మేకలో తిన్నాయనుకుందామంటే, సాయంత్రం నేను ఊడ్చిన చీపురు గీతలు గీతలుగానే ఉన్నాయి. గిట్ట గుర్తు లేదు, అడుగు గుర్తు లేదు. తడిక తలుపుకు లోపలి గొళ్లెం పెట్టినట్టే ఉంది. ఆయన్ను లేపి అడిగితే, "అప్పుడే తెల్లారిందా?" అన్నాడు.

ముత్తమ్మ ఆ మధ్యాహ్నం బస్సు దిగింది. అంతా చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను, కనీసం తిడుతుందనుకున్నాను. ఒక్క మాటే అడిగింది.

"ఎంతసేపు ఏడ్వనిచ్చినవ్ బిడ్డా, పిల్లను?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

ఆ చెట్టు కింద మళ్లీ ఊడ్వలేదు. మళ్లీ అలాంటిదేమీ జరగలేదు. నిద్రమత్తులో నేనే చీర చుట్టి మరిచిపోయానేమో అని చాలాసార్లు అనుకున్నాను. పువ్వు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ముందుకు పోదు.

పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. ఇప్పటికీ చీకటితోనే లేస్తుంది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. చెయ్యి లేచేంత వచ్చినప్పుడు, పాపను తీసుకెళ్లి గురకపెట్టే మా ఆయన గుండెల మీద పడుకోబెడతాను. మొదట్లో సణిగేవాడు, ఇప్పుడు లేచి ఎత్తుకుంటున్నాడు.

ఆ పొద్దున వచ్చిందెవరో నాకు తెలియదు. తెలిస్తే దండం పెట్టాలో, దెబ్బలాడాలో అదీ తెలియదు. తొమ్మిది నెలలు మోసి, తొమ్మిది నెలలు పాలిచ్చి, నేను ఎత్తుకుంటే ఒక్కరోజు ఆగని ఏడుపు, ఆమె ఎత్తుకోగానే ఎందుకు ఆగింది?