పురుడు చెప్పిన లచ్చుమత్త

మనవడి భార్యకు పురిటి స్నానం కోసం పెరట్లో వావిలాకు మరుగుతోంది. ఆ ఘాటు వాసన వంటింటి దాకా వచ్చేసరికి నా చేతిలో పని ఆగిపోయింది. పురుడు ఎవరెవరికి చెప్పాలో చెప్పమంటూ కోడలు ఫోను పట్టుకుని నిలబడింది. ఆమె అడిగింది చుట్టాల పేర్లు. నాకు గుర్తుకొచ్చింది మాత్రం ఏ చుట్టరికమూ లేని లచ్చుమత్త.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో మేము సూర్యాపేటకు వచ్చాం. అంతకుముందు మాది కోదాడ. గడబిడ రోజుల్లో సరిహద్దు దాటి వెళ్లి, తిరిగి వచ్చేసరికి ఇల్లూ లేదు, మగ్గమూ లేదు. నాన్న సూర్యాపేటలో సాలెల వీధిలో ఒక గది, ఒక పాత మగ్గం కిరాయికి తీసుకున్నాడు. మగ్గం ఉంది గానీ నూలు లేదు. అవి కంట్రోలు రోజులు, నూలు సర్కారు కొలిచి ఇస్తేనే. కుల సంఘంలో చేరిన ఇళ్లకే నూలు దొరికేది. చేరాలంటే గోత్రం, ఇంటిపేరు చెబితే చాలదు. ఒకే వంశం పంచుకున్న దాయాదుల్లో, మా వైపు మాటలో పాలోళ్లలో, ఒకరొచ్చి పెద్దల ముందు "వీళ్లు మావోళ్లే" అనాలి. మాకున్న పాలోళ్లు మిర్యాలగూడలో ఉన్న నాన్న చిన్నాయన, నాకు చిన్నతాత, ఒక్కడే. ఇల్లు పంచుకునే దగ్గర మాట పెరిగి, ఆయనా మా తాతా విడిపోయారు. తాత పోయినా ఆ కోపం మాత్రం బతికే ఉంది.

నాన్న అభిమానం చంపుకుని వెళ్లాడు. "మాకు కోదాడల ఎవ్వరూ లేరు" అని చిన్నతాత వాకిట్లోనే చెప్పి పంపేశాడట. నాన్న వచ్చి ఖాళీ మగ్గం మీద కూర్చున్నాడు. అమ్మ నిండు చూలాలు. ఆ పూట ఎవరం సరిగ్గా తినలేదు.

పక్క గదిలో లచ్చుమత్త ఉండేది. పిల్లలు లేని విధవ, నేతగాళ్లకు నూలు కండెలు చుట్టి బతికేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. గంజి గిన్నె అమ్మ ముందు పెట్టి, "తిను. పొట్టల ఉన్నోడికి పంచాయితీలు తెల్వయి" అంది. నాన్నతో, "లేరంటే లేకుండ పోతరా? జర ఆగు" అంది. ఏం చేయబోతోందో చెప్పలేదు. చెబితే ఆమె లచ్చుమత్త ఎందుకవుతుంది?

కొన్నాళ్లకే తమ్ముడు పుట్టాడు. తెల్లారి ఆమె నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కింది. ఆ రోజు చిన్నతాత ఇంట్లో ఎల్లమ్మకు బోనం. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసని నాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది. మేం వెళ్లేసరికి చిన్ననాయనమ్మ పసుపు రాసిన కుండకు వేపాకు కడుతోంది. లచ్చుమత్త నన్ను గడప ఎక్కనివ్వలేదు. "నువ్వు మైలదానివి, గాడనే ఉండి చెప్పు" అంది.

"మాకు తమ్ముడు పుట్టిండు," అన్నాను భయంగా.

పాలోళ్లకు పురుడైతే ఇంటిల్లిపాదికీ మైల. ఆ మైలలో అమ్మవారికి బోనం ఎత్తకూడదు. కబురు తెలియకపోతే దోషం లేదు. చెవిన పడిందా, పట్టక తప్పదు.

"మీకేం పట్టింపు లేదు లే," లచ్చుమత్త తాపీగా అంది. "మీరు వాళ్లకేం గారు గద. మంచిగ ఎత్తుకోండ్రి బోనం. పురుడు చెప్పుడు మా ధర్మం, చెప్పినం."

చిన్ననాయనమ్మ కుండ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. "ఏమయ్యా, వాళ్లు మనకేం గాకపోతే ఈ బోనం నువ్వే ఎత్తుకో. నాతోటి గాదు" అంది. చిన్నతాత తల వంచుకున్నాడు. అమ్మవారి ముందు అబద్ధం ఆడే గుండె ఎవరికుంటుంది? ఆమె కుండ పక్కకు జరిపి, వాకిట్లోకి వచ్చి నన్ను అడిగింది.

"పిల్లగాడు ఎవరి లెక్కున్నడు?"

"నాన్న లెక్క. అదే మొఖం."

"అంటే మా బావ లెక్క" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా తాతను ఆమె బావ అన్న ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

పురిటి స్నానం నాడు ఆ ముసలాళ్లిద్దరూ సూర్యాపేటకు వచ్చారు. చిన్నతాత సంఘం పెద్దల ముందు నిలబడి, "వీడు నా అన్న కొడుకు" అన్నాడు. ఆ వారమే మా ఇంట్లో మగ్గం చప్పుడు మొదలైంది. అమ్మవారి పేరు చెప్పి ముసలాళ్లను బెదిరించావా అని నాన్న కోప్పడబోతే, "బెదిరిస్తే వాళ్లు నన్ను తిట్టేటోళ్లు. అన్నం పెట్టి పంపిండ్రు" అని లచ్చుమత్త నవ్వింది.

కొన్నేళ్లకు లచ్చుమత్త పోయింది. ఆమె గోత్రం వేరు, ఇంటిపేరు వేరు. ఆమె కోసం మైల పట్టేవాళ్లంటూ ఎవరూ లేరు. నాన్న తలస్నానం చేసి వచ్చి మగ్గం ఆపేశాడు, దేవుడి దగ్గర దీపం పెట్టొద్దని అమ్మకు చెప్పాడు. సంఘం పెద్ద ఒకాయన వచ్చి, "ఆమె నీకేమైతదని మైల పట్టినవ్?" అని అడిగాడు. "పాలోళ్లం" అన్నాడు నాన్న.

నేనూ అదే పట్టుకున్నాను. మా వీధిలో ఎవరూ లేనివాళ్లు పోతే, మైల తీరేదాకా మా ఇంట్లో దీపం పెట్టను. వాళ్లు మీకేమవుతారని కోడలు మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగదు. తనే వెళ్లి దేవుడి గది తలుపు దగ్గరగా వేసి వస్తుంది.