ఆయమ్మ తీసిచ్చిన పాత రిజిస్టరు

మా వీధి సర్కారు బడి ఉన్నచోట ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. ఆ బడిలో మా అమ్మమ్మ ఇరవై ఆరేళ్ళు ఆయాగా పనిచేసింది. గదులు ఊడ్చేది, గంట కొట్టేది, చీమిడి ముక్కులు తుడిచేది. చదువు రాదు. అయినా బీరువాలో ఏ రిజిస్టరు ఏ ఏటిదో అట్ట చూసి చెప్పేసేది.

మిల్లులో సమ్మె మొదలైన రెండో నెల, ఒక మధ్యాహ్నం, యజమాని మనుషులు పదిహేనుమంది ఇనుప కడ్డీలతో బడిలోకి వచ్చారు. సమ్మె నడిపేవాళ్ళు దెబ్బలకు జడిసి అప్పటికే ఇళ్ళు మారారు. కొత్త చిరునామాలు బడిలో వాళ్ళ పిల్లల రిజిస్టరులో తప్ప మరెక్కడా లేవు. అదే కావాలన్నారు. అడ్డం వెళ్ళిన పెద్దసారు తల పగలగొట్టారు. నల్లబల్ల మీద లెక్క సగంలో ఉంది, దానిమీద నెత్తురు చిందింది. పిల్లలు బల్లల కింద దూరారు.

ముందు నడిచినవాడు అక్కడ చదువుకున్నవాడే.

“ఇన్నేళ్ళూ నువ్వు కొట్టావు గంట. ఇవాళ మా వంతు ఆయమ్మా,” అన్నాడు.

“ఐదో తరగతి రెండేళ్ళు చదివావు. ఇంకా బుద్ధి రాలేదురా నీకు.”

కడ్డీ ఆమె మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వెనక బల్లల దాకా వినిపించిందట. రెండో దెబ్బ పడకముందే ఆమె బీరువా తెరిచి, అడుగున ఉన్న, అట్ట చెదలు తిన్న రిజిస్టరు తీసి ఇచ్చింది. పదిహేనేళ్ళ నాటిది.

వాళ్ళు పేర్లు చూడకుండా, చిరునామాలున్న కాగితాలు చించి పంచుకుంటుంటే ఆమెకు గుర్తొచ్చింది. మా అమ్మను బడిలో వేసింది ఆ ఏడే. తమ ఇల్లూ అందులో ఉంది. ఆ వేళప్పుడు తాతయ్య అరుగు మీద తాళాలు బాగుచేస్తూ ఉంటాడు. ఇది పాతదని ఒక్క మాట అంటే చాలు. ఆమె బల్లల కిందున్న సమ్మెవాళ్ళ పిల్లలను చూసింది. నోరు మెదపలేదు.

ఆ పూట తొమ్మిది ఇళ్ళ తలుపులు విరిగాయి. సమ్మెతో ఏ సంబంధమూ లేని దర్జీకి కన్ను పోయింది. తాతయ్య సుత్తితోనే తాతయ్య వేళ్ళు చితగ్గొట్టారు. కబురు అందిన సమ్మెవాళ్ళు పెళ్ళాంపిల్లలతో పొద్దుగూకేలోగా ఊరు దాటారు.

ఆసుపత్రిలో తాతయ్య, మన ఇల్లు వాళ్ళకెవరు చూపించారని అడిగాడు. ఆమె దాచలేదు. ఆయన మూడు రోజులు గోడవైపు తిరిగే పడుకున్నాడు. నాలుగో రోజు, “దర్జీకి చెప్పావా?” అన్నాడు.

“లేదు.”

“వెళ్ళి చెప్పు.”

చేతికట్టుతోనే వెళ్ళింది. గుమ్మంలో నిలబడి అంతా చెప్పింది. దర్జీ ఉన్న కంటితో ఆమెను చూశాడు.

“ఆ పిల్లల కోసం కన్ను అడిగుంటే ఇచ్చేవాణ్ణేమో అక్కా. నువ్వు అడగలేదుగా,” అని తలుపు వేసుకున్నాడు.