గంట కొడితే పైకొచ్చీయాల

పలాసలో నా డీజిల్ ఇంజన్ల షెడ్డులో ఎవరైనా దయ్యం మాటెత్తితే నేను ఒకటే అడిగేవాణ్ణి: అది డీజిలుతో నడుస్తుందా, కిరసనాయిలుతోనా అని. అందరం నవ్వేసి పని చూసుకునేవాళ్లం. ఇంజను ఆగిందంటే కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నా వేదాంతం అంతే. ఇప్పటికీ అదే, ఒక్క విషయంలో తప్ప.

మాది బాప్టిస్టు కుటుంబం. మా నాన్న ఊళ్లో చర్చి గంట కొట్టేవాడు. ఆయనకి ఒంట్లో బాగోలేనప్పుడు ఆ పని నాది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, గంట మోత ఎలా ఉంటుందో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మా అక్క భర్త దానియేలు బావ డైవరు. సముద్రంలో మునిగిన పడవలకి ఇనప కేబుళ్లు కట్టి పైకి తీయించే ముఠాలో పనిచేస్తాడు. ఆ మధ్య తుఫానుకి ఉద్దానం తీరం దగ్గర రాళ్లు మోసే బార్జి ఒకటి మునిగిపోయింది. దాన్ని వెతికి తీసే పని ఒక కాంట్రాక్టరుకి దొరికింది. బావకి గాలి పంపే కంప్రెసరు చూసుకోవడానికి నన్ను రమ్మన్నారు.

అక్కకి ఆ పనంటే మొదట్నుంచీ భయమే. "తాడు నువ్వు పట్టుకుంటేనే ఆయన్ని పంపుతాను. ఇంకోడి సేతిలో ఎట్టేవంటే నీ మొకం నాకు సూపించకు" అంది నాతో.

తాడంటే డైవరు నడుముకి కట్టేది. రెండో కొస పడవలో ఉన్నవాడి చేతిలో ఉంటుంది. కింద నుంచి ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే తాడు వదలమని, మూడుసార్లు గుంజితే పైకి లాగమని. డైవరు అడక్కుండా లాగకూడదు. లాగితే కింద ఏ ఇనపముక్కకో చుట్టుకుని ఉన్న గాలి గొట్టం తెగిపోవచ్చు.

బార్జి ఎక్కడ మునిగిందో సరిగ్గా ఎవరికీ తెలీదు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఎర్రయ్య తాతని అడిగాం, వలలు కొత్తగా ఎక్కడ తగులుకుంటున్నాయని.

"కొత్తగా నాకు తెల్దు బాబూ. ఎప్పుడూ తగిలేది గంట కాడ" అన్నాడు. వాటర్ ట్యాంకూ తాడిచెట్ల వరసా ఒక గీతలోకి ఎక్కడ వస్తాయో చూపించాడు. తర్వాత వేలు ఎత్తి చెప్పాడు. "ఎల్తే ఎల్లండి గానీ, గంట కొట్టిందంటే పైకొచ్చీయాల. ఆ పైన ఒక్క సిటం ఉండకూడదు."

గంట కాడంటే గంట ప్రయాణమని అర్థం చేసుకున్నాం. ఇంజను పడవ మీద ఇంచుమించు అంతే పట్టింది కూడా. గంట కొడితే అంటే మధ్యాహ్నం ఒంటిగంట కొడితే అనుకున్నాం, ఎందుకంటే ఆ వేళకి గాలి లేస్తుంది. పెద్దాయన మంచి మాటే చెప్పాడని కాంట్రాక్టరు మెచ్చుకున్నాడు.

మొదటిరోజు బావ దిగి, కాసేపటికి పైకొచ్చి మాస్కు తీశాడు. మొహం అదోలా ఉంది.

"ఒరే సామేలూ, ఇది బార్జి కాదురా. పేద్ద ఓడ. ముందు భాగంలో పిరంగి ఉన్నాది" అన్నాడు.

మేమంతా నోళ్లు తెరిచాం. యుద్ధం రోజుల్లో సముద్రం మీద ఓడ తగలబడుతుంటే రాత్రంతా ఆకాశం ఎర్రగా ఉందని మా నాయనమ్మ చెబుతుండేది. ముసలమ్మ కబుర్లని కొట్టిపారేసేవాళ్లం. ఆ ఓడ ఇదేనో కాదో నాకు తెలీదు. పెద్ద ఫిరంగి మాత్రం సరుకుల పడవకి ఉండదు కదా.

బావ బుట్టలో ఒక గంట కూడా తెచ్చాడు. కంచుది, చిన్న బిందె అంత ఉంది. లోపల నాలుక లేదు. ఇసుకా గవ్వలూ కలిసి సిమెంటులా గట్టిపడి, అంచుదాకా పూడుకుపోయింది. స్పానరుతో కొట్టి చూశాను. బండరాయిని కొట్టినట్టు టక్కుమంది. దీని గొంతు ఎప్పుడో పోయిందనుకున్నాను. గంటని చేత్తో పట్టుకుని కూడా తాత మాట గుర్తుకు రాలేదు చూడండి, అంత తెలివైనవాళ్లం.

ఇలాంటిది దొరికితే అధికారులకి చెప్పాలి. కాంట్రాక్టరు చెబుతానన్నాడు, కానీ ముందు ఫిరంగికి ఒక కేబులు కట్టి చూద్దామన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాం. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. బావ దిగాడు. నేను తాడు పట్టుకుని కూర్చున్నాను. గంట నా కాళ్ల దగ్గరే గోనెసంచిలో ఉంది.

కొంతసేపటికి మోత వినిపించింది.

మొదట కంప్రెసరులో ఏదో వదులైందనుకున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి చూశాను. అది సరిగ్గానే నడుస్తోంది. మోత మళ్లీ వచ్చింది. కొట్టడం, ఆ మోత సాగి సాగి సన్నబడటం, మళ్లీ కొట్టడం. ఎవరో తాపీగా, తెలిసినవాడు కొడుతున్నట్టు. వంగి సంచిలో గంట మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది, అదురు లేదు. మోత పడవ అడుగునుంచి వస్తోంది.

"గంట వినపడుతోందా?" అని కాంట్రాక్టరుని అడిగాను. లేదన్నాడు. పడవవాళ్లూ లేదన్నారు. ఎండ దెబ్బేమో, నీళ్లు తాగమన్నారు.

వాచీ చూసుకున్నాను. పదకొండు కూడా కాలేదు. అప్పుడు తట్టింది, తాత చెప్పింది ఏ గంటో. దాచుకోవడం ఎందుకు, నాకు భయమేసింది.

తాడు గుంజి బాగున్నావా అని అడిగాను. కింద నుంచి ఒక్క గుంజు వచ్చింది. బాగున్నాను.

"బాగున్నానంటున్నాడు కదయ్యా" అన్నాడు కాంట్రాక్టరు.

మోత ఆగలేదు. నేను లాగడం మొదలుపెట్టాను. కింద నుంచి వరసగా రెండు గుంజులు, తాడు వదలమని. వదల్లేదు. కాంట్రాక్టరు నా భుజం పట్టుకుని, గొట్టం తెగితే మనిషిని చంపినవాడివవుతావని అరిచాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. తాడు నువ్వు పట్టుకుంటేనే అన్న అక్క మాట ఒక్కటే నా బుర్రలో ఉంది. ఏడుస్తూనే లాగాను.

బావ తల పైకి వచ్చింది. మాస్కు తీస్తూనే తిట్లందుకున్నాడు. "ఏటైపోనాదిరా నీకు! సగం కట్టీసేను! ఇంకో సిటం ఆగలేవేటి!"

ఆయన కాళ్లింకా నీళ్లలోనే ఉన్నాయి. పడవ కింద నుంచి గుడగుడమని బుడగలు లేచాయి. వెనకే తుప్పు రంగు నీళ్లు, నల్లటి నూనె. మేం గుర్తుకి వేసిన డ్రమ్ము ఒక్కసారిగా లోపలికి పోయి మళ్లీ తేలలేదు. కేబులు బిగుసుకుని పడవ పక్కకి ఒరిగింది. కేబులుని పడవకి కట్టిన మోకుని పడవవాడు గొడ్డలితో నరికేశాడు. బావ ఎక్కడ నిలబడి కట్టాడో, ఆ వైపు ఓడ గోడంతా కూలిపోయిందని మాకు అర్థమైంది. ఒడ్డుకి చేరేదాకా బావ నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. తనకి ఏ గంటా వినిపించలేదని తర్వాత చెప్పాడు.

సాయంత్రం ఎర్రయ్య తాత దగ్గరికి వెళ్లి దెబ్బలాడినంత పని చేశాను. ఏ గంటో సరిగ్గా చెప్పొచ్చు కదా అన్నాను.

"గంటని గంటనక ఏటంటారు బాబూ?" అన్నాడు. తర్వాత, "ఎవుడికి ఇనిపించినాది?" అని అడిగాడు.

నాకే అన్నాను. తాడు ఎవరు పట్టుకున్నారని అడిగాడు. నేనే అన్నాను. చేతిలో వల పక్కన పెట్టాడు.

"మా తమ్ముడు వల తప్పించడానికి అక్కడే దిగినాడు. తాడు నానే పట్టుకున్నాను. గంట కొడతాదని మా అయ్య సెప్పేడు. సెవులు రిక్కించుకునే కూకున్నాను బాబూ. నాకు ఇనపళ్లేదు."

నా కోపమంతా ఎటుపోయిందో తెలీదు. కింద పెద్ద ఓడ కూలిపోయేముందు ఇనుము మూలుగుతుందనీ, అదే గంటలా వినిపించి ఉంటుందనీ తర్వాత కాంట్రాక్టరు చెప్పాడు. అయ్యుండొచ్చు. కానీ ఇనుము మూలుగుకీ కంచు మోతకీ తేడా తెలీని చెవులు కావు నావి. పైగా ఆ ఓడ గంట నా కాళ్ల దగ్గరే పడుంది.

గంటని ఉన్నచోటే వేసేయమని తాతకి ఇచ్చేశాం. ఆయన పడవ తోసేముందు దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. పూడుకుపోయిన దాని నోటికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత తలెత్తి నన్నడిగాడు.

"నీకేటైనా ఇనిపిత్తన్నాదా బాబూ?"

లేదు తాతా అన్నాను.