యాంటీమైక్రోబియల్ లోదుస్తులూ, పాత మొలతాడూ

మే నెల ప్రాక్టికల్ పరీక్షల్లో, ల్యాబ్‌లో నిలబడి ఉండగా నడుము చుట్టూ సూదులతో గుచ్చినట్టు దురద మొదలైంది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే ఎర్రటి పట్టీ. నేను నర్సీపట్నంలో డిగ్రీ విద్యార్థులకు మైక్రోబయాలజీ చెబుతాను. కనుక డాక్టరు దగ్గరికి వెళ్లకుండానే, చెమటకు పెరిగిన బాక్టీరియా అని తేల్చేశాను.

"ఏట్రా ఆ గోకుడు? బేగి డాక్టరు కాడికెల్లు," అంది అమ్మ. "అందరికీ పాఠాలు సెప్తావు, నీకు సెప్పేవోల్లే లేరు."

యాంటీమైక్రోబియల్ లోదుస్తులు తెప్పించాను. ప్రకటనను నమ్మే అలవాటు నాకు లేదు. ఆ గుడ్డ ముక్కనూ, మామూలు నూలు ముక్కనూ బాక్టీరియా పూసిన ప్లేటు మీద పక్కపక్కనే పెట్టాను. మరునాడు నూలు ముక్క చుట్టూ బాక్టీరియా దట్టంగా పెరిగింది; రెండోదాని చుట్టూ మాత్రం చంద్రుడికి వరదగుడి కట్టినట్టు స్వచ్ఛమైన వలయం. ఎంతసేపు చూశానో తెలియదు. ఆ అబ్బురంలోనే తప్పు చేశాను: వాసన రావడం లేదు కదా అని ఒకే జత రెండేసి రోజులు తొడుక్కున్నాను. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్‌తో వారంపాటు తగ్గి, తర్వాత తొడల దాకా పాకింది.

ఆ నెలాఖరుకు మా పది నెలల పాప తొడ మీద బొట్టుబిళ్లంత ఎర్రటి చక్రం కనిపించింది. చంకనెత్తుకున్నప్పుడు నా నడుముకు ఆనే చోటది. నా భార్య రమణి పాపను నా చేతుల్లోంచి తీసుకుంది. 

చర్మవ్యాధుల డాక్టరమ్మ నా చర్మాన్ని కాస్త గీకి, స్లైడు మీద చర్మకణాలను కరిగించే కేఓహెచ్ ద్రావణం చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టారు.

"మీరే చూడండి, మాస్టారూ."

కణాల మధ్య నుంచి కొమ్మలు వేస్తూ, గాజుపోగుల్లా సాగిన హైఫే, ఫంగస్ దారాలు. ఏళ్లుగా విద్యార్థులకు చూపించినదే. నా ఒంటి నుంచి చూడటం అదే మొదలు. భయం కంటే ముందు విస్మయం కలిగింది.

"టీనియా, అంటే తామర. ఫంగస్ ఇది. మీ లేబుల్ మీద ఏముంది?"

"బాక్టీరియాను అరికడుతుందని..."

"అబద్ధమేం రాయలేదు, పాపం. దొంగ ఒకడైతే మీరు ఇంకొకడి మీద కేసు పెట్టారు. ఆ క్రీమ్‌లో స్టెరాయిడ్ ఉంది, అది ఫంగస్‌ను ఇంకా పెంచుతుంది, ఆపేయండి. తగ్గేదాకా పాపను ఒంటికి తగిలేలా ఎత్తుకోకండి."

నాకు మాత్రలు, పాపకు వేరే క్రీమ్. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేశాం. నా తొడలు తేటపడ్డాయి, పాప చక్రం పాలిపోయింది. ఆరో వారంలో నా నడుము పట్టీ మళ్లీ ఎర్రబడింది.

"ఒంటి మీదవన్నీ ఉతుకుతున్నారా?" అని అడిగారు డాక్టరమ్మ.

"అన్నీ."

"మొలతాడు?"

చేత్తో నడుము తడుముకున్నాను. అమ్మ ఏనాడో కట్టినది; రోజూ స్నానంలో తడిసి, చెమటకు నాని, సరిగ్గా ఆరనే ఆరనిది. దాన్ని నేను బట్టల్లో లెక్కించలేదు.

"మొలతాడు లేకుండా మగోడుంటాడేట్రా!" అంది అమ్మ, ఇంటికొచ్చి తీసేస్తానని చెప్పగానే. "రేపు పిల్లదానిదీ తీసేత్తానంటావు. దిష్టి తగిల్తే?"

నా తాడు తీసేసి, ఒక ముక్కను ఫంగస్ పెరిగే ప్లేటులో ఉంచాను. రెండు వారాలకు దాని చుట్టూ దూదిలాంటి తెల్లటి కాలనీ వచ్చింది. మూత సీలు చేసి అమ్మకు చూపించాను. రోగానికి మూలం తాడేనని అది రుజువు చేయదనీ, నా చర్మం నుంచే తాడుకు చేరి ఉండవచ్చనీ కూడా చెప్పాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని ప్లేటు మీదికి వంగింది.

"నా సేత్తో కట్టినదాని మీదేనేట్రా ఇది?"

లేచి కత్తెర తెచ్చి, పాప మొలతాడు తానే కత్తిరించింది. "దిష్టి సంగతి నేను సూసుకుంటాను. నువ్వు మాత్రలు మానీకు."

ఏడాది గడిచింది. మచ్చ నెలల తరబడి లేతబడి చివరికి మాయమైంది. చర్మం తనను తాను మళ్లీ నేసుకున్న తీరుకు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను. పాప పరుగున వచ్చి చంకెక్కుతుంది, రమణి వారించదు. ఆ లోదుస్తులు ఇంకా వాడుతున్నాను, వాసన తగ్గిస్తాయి. కానీ ఏ రోజువి ఆ రోజే ఉతుకుతున్నాను.

దురదతో ఉన్నవారికి ఒక్క సలహా. కొత్త గుడ్డ కొనేముందు, ఉతకడానికైనా ఒంటి మీది నుంచి తీయనిదేముందో తడిమి చూసుకోండి. చేతి దారమో, మెడలో తాడో. నాకు అది నడుముకే ఉండేది.